ఎవరినీ నిద్ర లేపకుండా

నెవేర్, 1931 ఫిబ్రవరి 20

సొలాంజ్ అక్కకు,

నువ్వు నాంత్ వెళ్ళినప్పటి నుంచీ నీ ఉత్తరాలకు నేను కార్డుముక్కలే పంపుతున్నాను. చలి ఎక్కువగా ఉంది, క్షేమం, ప్రార్థనలో తలుచుకుంటున్నాను, అంతే. కోపమేమో అనుకున్నావట. కోపం కాదక్కా. నువ్వు అడిగినదానికి కార్డు మీద జవాబు రాయలేక మానేశాను. మొన్న విభూది బుధవారం నాడు ఫాదర్ గారు నుదుటి మీద బూడిద రాస్తుంటే, మట్టిలో కలిసిపోయే మనిషిని, ఒక్క కాగితానికి ఇంత భయపడుతున్నానేమిటి అనిపించింది. అందుకే ఇవాళ కలం పట్టాను.

నువ్వు అడిగింది ఇది: "మన ఇంట్లో అంత సుళువుగా అందిన పైస్వరం ఇక్కడ ఎందుకు అందడం లేదు? వీళ్ళ పియానో తప్పా, వాయించే మోర్వాన్ తప్పా?" ఎవారిస్ట్ బావగారు పోయి పదేళ్ళయిన సందర్భంగా ఆయన పుట్టిన ఊళ్ళోనే సభ పెట్టడం, నీకోసం కట్టిన పాటను నీ చేతే పాడించాలనుకోవడం, అదే సమయానికి పారిస్‌వాళ్ళు దాన్ని మళ్ళీ అచ్చు వెయ్యడం చూస్తే దేవుడే తలచినట్టుంది. ఈస్టర్ వారం ఎంతో దూరం లేదు. నీ కంగారు నాకు అర్థమవుతోంది.

వాళ్ళ పియానో తప్పని ఇక్కడ కూర్చుని నేనెలా చెప్పను? మన పియానో ముసలిది. నది పక్కన ఇల్లు, ఏళ్ళ తరబడి చెమ్మ. దాని శ్రుతి సరిగ్గా ఉందని ప్రమాణం చెయ్యలేను. మోర్వాన్ గారు నిదానంగా వాయిస్తున్నారన్నావు. ఒక్కసారి ఆయన దారిలోనే పాడి చూడకూడదూ? పెద్దవాళ్ళు చెప్పినట్టు, తొందరపడి పైకి ఉమ్మేస్తే మన ముఖం మీదే పడుతుంది.

ఈస్టరు దాకా తపఃకాలం కాబట్టి ఇంట్లో మాంసం లేదు, చేపల ధర మండిపోతోంది. గుడిలో నేను వాయించే ఆర్గాన్ పెడలు ఒకటి మళ్ళీ కీచుమంటోంది. ఫాదర్ గారు అది పావురం అనుకుంటున్నారు.

నీ చెల్లెలు,
బ్లాందీన్


నాంత్, ఫిబ్రవరి 26

ఏమే బ్లాందీనూ,

ఇన్నాళ్ళకు నోరు తెరిచావు, తెరిచీ తెరవగానే గుట్టు విప్పావు. చెమ్మ! నాకు తట్టనే లేదు. నెవేర్‌లో నది చెమ్మ అలా ఉంటే, సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్ళో పియానో ఎంత చెడిపోయి ఉండాలి? నీ ఉత్తరం పట్టుకుని తిన్నగా సభ పెడుతున్న సంగీత సంఘంవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. శ్రుతి చేసేవాణ్ణి పిలిపించాను. పాపం, వాడు శ్రుతిదండం తీసి నా చెవి దగ్గర మోగించి, "చూడండమ్మా, వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు. "అయితే నీ దండమే తప్పు నాయనా" అన్నాను. వాడు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక మోర్వాన్. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడే, కాదనను. కానీ పాట మొదలుపెట్టాడంటే ఎద్దుల బండిని బురదలో తోలినట్టుంటుంది. మూడో చరణంలో నాకు ఊపిరి ఆడదు. "కాస్త కదలండి" అంటే, పాట నెత్తిన మా ఆయన రాసిన మాట వేలు పెట్టి చూపిస్తాడు: "నెమ్మదిగా, ఎవరినీ నిద్ర లేపకుండా." నాకు చూపిస్తాడే! ఆ సిరా ఆరకముందే పాడినదాన్ని నేను. "పెళ్ళాన్ని నేనా, మీరా?" అన్నాను. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు, అదే నడకలో.

అసలు సంగతి ఇది. పారిస్‌వాళ్ళు ఈసారి పాట నెత్తిన మాటతో పాటు మెట్రోనోమ్ అంకె కూడా అచ్చు వేస్తారట. నిమిషానికి ఎన్ని దెబ్బలో అందులో ఉంటే, రేపు ఎవడు పాడినా అదే నడక. ఆయన అంకె వెయ్యలేదు కదా, సాక్షి మీరే, మీరే చెప్పండి అని నన్నడిగారు. నేను చెప్పేదే శాశ్వతం. కాబట్టి నువ్వు మన మెట్రోనోమ్ తీసి, దుమ్ము తుడిచి, పియానో మీద పెట్టి, మనం ఆదివారాలు పాడుకున్న నడక ఎంతో చూసి రాయి. ఈ లోకంలో నేను నమ్మే చేతులు నీవి. ఆయన చేతుల తర్వాత అవే.

వెన్న బిస్కెట్లు పంపుతున్నాను. ఉపవాసం అని దాచకు, మెత్తబడతాయి.

అక్క


నెవేర్, మార్చి 5

అక్కా,

బిస్కెట్లు అందాయి. పక్కింటి పిల్లలకు సగం ఇచ్చాను, సగం ఈస్టరుకు దాచాను.

నా ఉత్తరం సంఘంవాళ్ళకు చూపించావని చదివి రాత్రి అన్నం సయించలేదు. వాళ్ళ పియానో చెడిందని నేను రాయలేదక్కా. మన దాని మాటే రాశాను. ఆ శ్రుతి చేసే మనిషిని మళ్ళీ పిలిచి ఒక మంచి మాట చెప్పు.

మెట్రోనోమ్ చూశాను. ఆ పాటకు అంకె యాభై నాలుగు. ఇదే సరైనది. ఇదే పంపించు. ఇంకేమీ అడగకు.

శుక్రవారం పాపసంకీర్తనానికి వెళ్ళాను. ఫాదర్ గారికి జలుబు, తెర అవతల నుంచి తుమ్ములే తుమ్ములు. నేను చెప్పిందంతా విని, "నాకు గొంతూ లేదు, చెవీ లేదు, నీ పాపం సగం నాకు అర్థం కాలేదమ్మా" అన్నారు. మళ్ళీ ఒకసారి తుమ్మి, "అర్థమైనంత వరకు, నువ్వు చెప్పాల్సింది నాకు కాదు కదా" అన్నారు. మూడు జపాలు ఇచ్చారు. మూడూ చేశాను. బరువు తగ్గలేదు.

మోర్వాన్ గారిని ఏమీ అనకు. నామీద ప్రేమ ఉంటే ఏమీ అనకు.

బ్లాందీన్


నాంత్, మార్చి 11

బ్లాందీన్,

యాభై నాలుగా? మన మెట్రోనోమ్ వంకర బల్ల మీద పెట్టి చూశావా, లేక ఉపవాసాలతో కళ్ళు తిరుగుతున్నాయా? ఆ అంకె చూసి, నిజమేనేమో అని ఒంటరిగా పాడి చూశాను. మూడో చరణం సగంలో గోడ పట్టుకోవలసి వచ్చింది. ఆ నడకలో మనిషన్నవాడు పాడలేడు, చేపలు పాడాలి. ఆ యంత్రాన్ని నదిలో పారెయ్యి.

నేనే గడియారం ముందు పెట్టుకుని, మన ఆదివారాలు గుర్తు తెచ్చుకుని, వేళ్ళతో కొట్టుకుంటూ లెక్క కట్టాను. డెబ్భై రెండు. నిన్నటి టపాలో పారిస్ పంపేశాను.

మోర్వాన్‌ను ఏమీ అనొద్దన్నావు. ఆలస్యమైంది. నువ్వలా బతిమాలుకోవడం చూసి, వాడు నీకు కూడా ఉత్తరం రాసి మొర పెట్టుకున్నాడేమో అనిపించి ఇంకా మండింది. వాడు చెప్పే అంకె కూడా యాభై నాలుగే మరి! సంఘం అధ్యక్షుడికి చెప్పేశాను, మోర్వాన్ ఉంటే నేను పాడను అని. మంగళవారం ఆయన్ని తప్పించారు. తన కాగితాలు సర్దుకుని, బల్ల మీద పియానో తాళంచెవి పెట్టి, "పాట మీదేనమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆయన దగ్గర నేర్చుకునే పిల్ల ఆనిక్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ సంఘానికి ఆయనే వాయిస్తున్నాడట. నాకు బాధగానే ఉంది. కానీ చచ్చిపోయిన మనిషి పాటను ఈడ్చి ఈడ్చి మళ్ళీ చంపుతుంటే చూస్తూ ఊరుకోనా?

కొత్తవాడు దొరకడం కష్టం. నువ్వే వచ్చి వాయించు. నీ చేతుల్లో అయితే అన్నీ అందుతాయి నాకు.

సొలాంజ్


నెవేర్, మార్చి 14

అక్కా,

నేను రాను. ఎందుకు రానో చెబుతాను. కూర్చుని చదువు.

వాళ్ళ పియానో సరైనదే. మోర్వాన్ గారి నడక సరైనదే. ఆయన నాకు ఏనాడూ ఉత్తరం రాయలేదు. ఆయన అంకె, నా అంకె ఒకటే అయింది, అదే నిజం కాబట్టి. తప్పు నా చేతుల్లో ఉంది.

నీకు గుర్తుందా, మూడేళ్ళ కిందట ముసురు పట్టిన ఆదివారం, సాయంకాల ప్రార్థన నుంచి వచ్చి ఎప్పటిలాగే కిటికీ వైపు తిరిగి పాడావు. పైస్వరం దగ్గర గొంతు చీరుకుపోయింది. నువ్వు మళ్ళీ మొదలుపెట్టలేదు. కిటికీ రెక్క వేసి, "చలి" అన్నావు. ఆ వారమంతా ఒక్క పాటా లేదు. గిన్నెలు కడిగేటప్పుడు కూడా లేదు. మరుసటి ఆదివారం నువ్వు లేచి నిలబడగానే, నేను చెప్పకుండా శ్రుతి అరమెట్టు దించి వాయించాను. నీకు స్వరం అందింది. వెనక్కి తిరిగి, "చూశావా, జలుబే!" అని నవ్వావు. ఆ రోజు భోజనంలో రెండోసారి వడ్డించుకున్నావు.

ఆ తర్వాతి చలికాలం ఇంకో అరమెట్టు. పోయిన వసంతంలో మరొకటి. నీకు చెవి లేదని కాదక్కా. పోల్చి చూసుకోవడానికి పక్కన ఇంకో పియానో లేదు, నా వేళ్ళ వైపు నువ్వు ఎప్పుడూ చూడలేదు. నమ్మకం అలాంటిది. ఊపిరి చాలకపోతుంటే నడక కూడా కొంచెం కొంచెం పెంచాను, మూడో చరణంలోని పొడుగు వాక్యం ఒక్క ఊపిరిలో అయిపోయేలా. నువ్వు వేళ్ళతో కొట్టి లెక్క కట్టిన డెబ్భై రెండు నా మోసమే. బావగారు వాయించగా నేను విన్నది యాభై నాలుగు.

ఆ పాటలో పియానో కదలని నీళ్ళలా ఉండాలి కదా. ఆయన కుడిచేతి వేళ్ళు తాకీ తాకనట్టు ఉండేవి. నా చేతిలో అది సంతకు పోయే పాటలా తయారైంది. శ్రుతి దించితే దాని రంగు పోయింది, నడక పెంచితే దాని శాంతి పోయింది. రెండూ పోతున్నాయని నాకు తెలుసు. తెలిసే వాయించాను.

జాలితో చేశానని రాసి ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ అది కూడా సగమే నిజం. నువ్వు పాడటం మానేస్తే నేను ఇంకెవరికి వాయించను? వారమంతా గుడిలో వాయించేది దేవుడికి. ఆయన ఎప్పుడూ వెనక్కి తిరిగి నవ్వలేదు. ఆ ఆదివారాలు పోతాయని భయపడ్డాను.

మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉంటే శ్రుతి చేసే మనిషి మాట పడేవాడు కాదు. రెండో ఉత్తరంలో చెప్పి ఉంటే మోర్వాన్ గారు ఆ తాళంచెవి బల్ల మీద పెట్టేవారు కాదు. అంకె ఒక్కటి పంపి తప్పించుకుందామనుకున్నాను. సిలువ మోస్తున్నానని మురిసిపోతూ దాన్ని తీసుకెళ్ళి ఇంకొకరి భుజం మీద పెట్టాను.

అచ్చు పడకముందే పారిస్‌కు తంతి కొట్టు. నన్ను ఏమైనా అను. ముందు అది చెయ్యి.

బ్లాందీన్


నాంత్, మార్చి 29, మట్టల ఆదివారం

బ్లాందీన్,

తంతి ఆ రోజే కొట్టాను. డెబ్భై రెండును అచ్చు రేకు మీద అప్పటికే చెక్కేశారట. వెనక నుంచి సుత్తితో కొట్టి, రుద్ది, చదును చేసి, మళ్ళీ చెక్కారు. యాభై నాలుగే పడుతుంది. నీకు జవాబు రాయడానికి మాత్రం నాకు ఇన్నాళ్ళు పట్టింది. రాసినవి పొయ్యిలో వేశాను. ఇది కాస్త చల్లబడ్డాక రాస్తున్నది.

అరమెట్టు దించడం తప్పని అనడం లేదు. ప్రతి గొంతుకూ ఆ రోజు వస్తుంది. ఎత్తు గొంతుకు ఒక పుస్తకం, లోతు గొంతుకు ఒక పుస్తకం అని అచ్చులోనే రెండు వేస్తారు, సిగ్గుపడే పని కాదు. నువ్వు చెప్పకపోవడమే నేను మింగలేకపోతున్నది. నా గొంతు పోతోందని నీకు తెలుసు, పియానోకు తెలుసు, చెవి లేని ఆ ఫాదర్ గారికి కూడా తెలుసు. నాకు తప్ప. మూడేళ్ళుగా కొంచెం కొంచెం పోయినదాన్ని నేను ఒక్క పూటలో పోగొట్టుకున్నాను, నీ ఉత్తరం చేతిలో పట్టుకుని. కొంచెం కొంచెంగా ఏడ్చే అవకాశం కూడా నాకు ఇవ్వలేదు నువ్వు.

సరే. మోర్వాన్ ఇంటికి వెళ్ళాను. శుక్రవారం కదా, వంటగుడ్డ కట్టుకుని చేప పొలుసు తీస్తున్నాడు. "చెయ్యి ఇవ్వనమ్మా, వాసన" అన్నాడు. "వాసనకేం, నేను తెచ్చిన మాట అంతకన్నా కంపు" అని నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. ఉత్తరం చూపించలేదు, చెప్పాను. విని, "మొదటి రోజే తెలిసింది నాకు" అన్నాడు. "శ్రుతి దించనా అని అడగబోయాను. మీరు చూసిన చూపుకు మాట మింగేశాను." అంటే వాడూ నీ జాతే! నా చుట్టూ ఇంతమంది మెత్తటివాళ్ళెందుకు పోగయ్యారో.

"ఒక్కసారి మీ నడకలో వాయించండి, నేను పాడను, వింటాను" అన్నాను. చేతులు కడుక్కుని వాయించాడు. ఆ పాటను నేను పాడకుండా వినడం అదే మొదటిసారి. మా పెళ్ళయిన మొదటి చలికాలం గుర్తొచ్చింది. పక్కగదిలో మా అత్తగారు జ్వరంతో పడుకుని ఉండేది, ఎవారిస్ట్ వేళ్ళు మోపీ మోపనట్టు వాయించేవాడు, నేను గొంతు దించి పాడేదాన్ని. ఎవరినీ నిద్ర లేపకుండా అని రాసింది అందుకే. కవిత్వం కోసం కాదు, వాళ్ళమ్మ కోసం. నేనా సంగతే మరిచిపోయాను. డెబ్భై రెండులో పరిగెత్తించి ఆ ముసలావిణ్ణి మూడేళ్ళుగా ప్రతి ఆదివారం లేపి కూర్చోబెట్టాం మనిద్దరం.

సంఘానికి చెప్పాల్సింది చెప్పాను, నా నోటితోనే, అందరి ముందూ. మోర్వాన్ వాయిస్తాడు. ఆనిక్ పాడుతుంది, అసలు శ్రుతిలో, అసలు నడకలో. నేను ముందు వరసలో కూర్చుంటాను. నువ్వు వస్తున్నావు. రాను గీను అనకు. మోర్వాన్ పక్కన నిలబడి పేజీలు తిప్పుతావు. ఫాదర్ గారి మూడు జపాలు చాలవు నీకు.

శ్రుతి చేసేవాడికి ఒక సీసా మంచి ద్రాక్షసారాయి పంపాను. తీసుకున్నాడు. టోపీ మాత్రం తియ్యలేదు.

సొలాంజ్


నెవేర్, ఏప్రిల్ 15

అక్కా,

నిన్న మధ్యాహ్నం ఇల్లు చేరాను. రైల్లో ఒక మఠకన్య నిద్రపోతూ నా భుజం మీద వాలింది. కదలకుండా కూర్చుంటే చెయ్యి తిమ్మిరెక్కింది.

సభలో జరిగింది నీకు తెలుసు, అందరూ మెచ్చుకున్నారు. ముందు వరసలో నుంచి నీకు కనిపించనిది ఒకటుంది, అది చెబుతాను.

మోర్వాన్ గారి పక్కన నిలబడటానికి సిగ్గేసింది. క్షమించమని అడగాలని ముందే మాటలు కూర్చుకున్నాను. ఆయన కుర్చీ సర్దుకుంటూ, "ఆ మూల మడత పెట్టానమ్మా, తిప్పడానికి వీలుగా ఉంటుంది" అన్నారు. నేను ఆ మడత మీద వేలు పెట్టి నిలబడ్డాను.

ఆనిక్ మొదలుపెట్టింది. నీ గొంతు కాదది, పచ్చిది, కానీ తిన్నగా ఉంది. రెండో చరణం చివర నా చెయ్యి దానంతట అదే లేచి పేజీ తిప్పేసింది. ఇంకా రెండు వరుసలు మిగిలి ఉండగానే. నా ఒంట్లో ఇంకా ఆ డెబ్భై రెండే ఉంది. నా ప్రాణం పోయింది. ఆయన తడబడలేదు, కాగితం వైపు చూడలేదు, జ్ఞాపకం నుంచి వాయిస్తూ పెదవులు కదపకుండా, "ఇంకా ఇక్కడే ఉన్నామమ్మా" అన్నారు. కోపంగా కాదు. ఆ నడకలోనే, పాటలో ఒక మాటలా. నేను వెనక్కి తిప్పలేదు. అలా నిలబడి, ఆయన వచ్చేదాకా ఆగాను. అంత సేపు ఆగడం నాకు ఎంత కొత్తగా ఉందో చెప్పలేను.

మూడో చరణం వచ్చింది. పొడుగు వాక్యం. నేను తల ఎత్తి నిన్ను చూశాను. నీ నోరు మూసుకునే ఉంది, కానీ ఆ అమ్మాయితో పాటే నువ్వూ ఊపిరి తీసుకున్నావు. ఆ పిల్ల ఒక్క ఊపిరితో చివరిదాకా వెళ్ళింది. సగంలో రెండో ఊపిరికి నీ భుజాలు మళ్ళీ లేచాయి. మూడేళ్ళుగా నీకు తెలియకుండా నేను దాచింది అదే. అప్పుడు చూశాను, పట్టపగలు, అంత మంది మధ్య. చిన్న కదలిక. సముద్రం ఇంకిపోతుందేమో అన్నంత భయపడ్డాను నేను దానికి.

స్టేషన్లో నువ్వు నన్ను ముద్దు పెట్టుకోలేదు. సంచీ అందించి, "ఇంకా కోపం పోలేదు" అన్నావు. బండి కదులుతుంటే మాత్రం కిటికీ పక్కన నడుస్తూ, "వేసవికి వస్తాను. వాయించు నాకు. ఎంత దించావో మొదట చెప్పి వాయించు" అని అరిచావు. చుట్టుపక్కల వాళ్ళంతా చూశారు.

అందుకని ఇప్పుడే చెబుతున్నాను. ఒకటిన్నర మెట్టు దించుతాను. నడక బావగారిదే, యాభై నాలుగు. ఇవాళ పొద్దున పూజ నుంచి వచ్చాక మెట్రోనోమ్ పెట్టుకుని సాధన మొదలుపెట్టాను. వేళ్ళు మాట వినడం లేదు, ముందుకు ఉరుకుతున్నాయి, అయినా అలవాటు చేస్తాను. ఆ నడకలో మూడో చరణం ఒక్క ఊపిరిలో అందదు నీకు. మధ్యలో తీసుకో. తొందరపడకు. నా చేతులు అక్కడ ఆగి ఉంటాయి.

ఈ ఉత్తరాలు పొయ్యిలో వెయ్యకు, దాచు. కానీ ఎవరికీ చూపించకు, సంఘంవాళ్ళకు అసలే వద్దు. పాట అచ్చులో పడి అందరిదీ అయింది. నువ్వు ఊపిరి తీసుకునే చోటు మటుకు మనిద్దరి మధ్యే ఉండనీ.

నీ చెల్లెలు,
బ్లాందీన్